కొట్లాట పెద్దలది.. ఉరితాడు పోరగాడిది!

1881 ఏప్రిల్ 9. అమెరికాలోని న్యూమెక్సికో ప్రాంతం. మెక్సికో సరిహద్దుకు దగ్గర్లో మెసిల్లా అనే చిన్న ఊరు. ఊరి నడిమధ్య ఖాళీ జాగ, దాని మూలన మట్టి ఇటుకలతో కట్టిన చిన్న ఇల్లు. అదే కోర్టు. ఆ కోర్టులో పన్నెండు మంది జ్యూరీ సభ్యులు ఒక యువకుడిని హంతకుడని తేల్చారు. లింకన్ కౌంటీ షెరీఫ్ విలియం బ్రేడీని చంపాడన్నది నేరం. నాలుగు రోజుల తర్వాత జడ్జి వారెన్ బ్రిస్టల్ శిక్ష చదివి వినిపించాడు. మే 13న ఉరి.

ఆ యువకుడి పేరు కోర్టు కాగితాల్లో విలియం బోనీ. అసలు పేరు హెన్రీ మెకార్టీ. లోకానికి తెలిసిన పేరు 'బిల్లీ ద కిడ్'. అప్పటికి అతని వయసు ఇరవై ఒకటి ఉండొచ్చని అంచనా. హాలీవుడ్ అతని మీద లెక్కలేనన్ని సినిమాలు తీసింది. ఇరవై ఒక్కమందిని చంపాడని కథలు కట్టింది. చరిత్రకారుల లెక్కలో అది పదికి లోపే. సినిమాలన్నింటిలో గుర్రాలున్నాయి, తుపాకులున్నాయి, దుమ్ము లేచిన వీధులున్నాయి. కోర్టు మాత్రం కనిపించదు. కనిపించినా రెండు నిమిషాలు.

మనకు కావాల్సింది ఆ కోర్టే. ఎందుకంటే లింకన్ కౌంటీలో జరిగింది ఒక్కడు చేసిన హత్య కాదు. అది నెలల తరబడి సాగిన యుద్ధం. వ్యాపారులు, లాయర్లు, షెరీఫ్‌లు, సైన్యాధికారి, గవర్నరు అందరి చేతులూ అందులో ఉన్నాయి. రెండువైపులా ఎంతోమంది మీద కేసులు పడ్డాయి. శిక్ష పడింది మాత్రం ఒక్కడికి. అందరిలోకీ దిక్కూమొక్కూ లేనివాడికి. ఇది ఎట్లా జరిగిందో తెలుసుకుంటే, చట్టం ఎవరి చేతిలో ఉంటే ఎవరికి ఉపయోగపడుతుందో అర్థమవుతుంది.

రాష్ట్రం కాని రాజ్యం

న్యూమెక్సికో అప్పటికి రాష్ట్రం కాదు. 1848లో మెక్సికో నుంచి అమెరికా గుంజుకున్న భూమి అది. మెసిల్లా ఉన్న దక్షిణపు ముక్కను ఆ తర్వాత కొన్నది. 1850లో దానికి 'టెరిటరీ' అని పేరు పెట్టారు. టెరిటరీ అంటే ఏమిటో రాష్ట్రం కోసం కొట్లాడినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. గవర్నరును వాషింగ్టన్‌లో కూర్చున్న అధ్యక్షుడు నియమిస్తాడు. జడ్జీలను ఆయనే నియమిస్తాడు. ప్రభుత్వ లాయరునూ ఆయనే నియమిస్తాడు. ప్రజలు శాసనసభను ఎన్నుకోవచ్చు, దేశ పార్లమెంటుకు ఒక ప్రతినిధిని పంపొచ్చు. కానీ ఆ ప్రతినిధికి అక్కడ ఓటు లేదు.

జనంలో ఎక్కువమంది స్పానిష్ మాట్లాడేవాళ్లు. పైన కూర్చున్నవాళ్లు ఇంగ్లీషు మాట్లాడే పరాయి ప్రాంతంవాళ్లు. జడ్జి బ్రిస్టల్ మిన్నెసోటా నుంచి వచ్చాడు. గవర్నర్ లూ వాలెస్ ఇండియానా నుంచి వచ్చాడు. వీళ్లలో ఎవరినీ ఆ నేల మీద బతికే రైతు ఎన్నుకోలేదు, దించే హక్కూ వాడికి లేదు.

ఇంకొక విచిత్రం చూడండి. టెరిటరీలో ఉన్నది ముగ్గురు జడ్జీలు. ఆ ముగ్గురూ తలా ఒక జిల్లాలో కేసులు విచారిస్తారు. ఆ ముగ్గురే కలిసి కూర్చుంటే టెరిటరీ సుప్రీంకోర్టు అవుతుంది. అంటే బ్రిస్టల్ వేసిన శిక్ష మీద అప్పీలుకు పోతే, అప్పీలు వినే బెంచీ మీద మళ్లీ బ్రిస్టల్ ఉంటాడు. కొట్టినవాడి దగ్గరికే పోయి ఫిర్యాదు చేసుకోవాలన్నమాట.

ఇట్లాంటి ఏలుబడిలో పెత్తనం ఎవరికి దక్కుతుంది? రాజధాని సాంటా ఫేలో లాయర్లు, భూముల వ్యాపారులు, రాజకీయ నాయకులు ఒక ముఠాగా ఏర్పడ్డారు. జనం దానికి 'సాంటా ఫే రింగ్' అని పేరు పెట్టారు. దాని పెద్ద తలకాయ థామస్ క్యాట్రన్. అప్పట్లో ఆయనే టెరిటరీలో కేంద్ర ప్రభుత్వ లాయరు. స్పానిష్, మెక్సికన్ పాలనలో ఊళ్లకు దక్కిన ఉమ్మడి భూములు కోర్టు కాగితాల దారిలో ఈ ముఠా చేతికి చేరాయి. ఒక్క తియెర్రా అమరీయా భూమే దాదాపు ఆరు లక్షల ఎకరాలు. అది క్యాట్రన్ సొంతమైంది.

దుకాణమే సర్కారు

లింకన్ ఒక్క వీధి ఉన్న ఊరు. దగ్గర్లో స్టాంటన్ సైనిక కోట, మెస్కలేరో అపాచీ గిరిజనుల రిజర్వేషన్. సైనికులకు, గిరిజనులకు మాంసం, పిండి సరఫరా చేసే ప్రభుత్వ కాంట్రాక్టే అక్కడి అసలు సంపద. ఆ కాంట్రాక్టు లారెన్స్ మర్ఫీ, జేమ్స్ డోలన్‌ల దుకాణం గుప్పిట్లో ఉంది. జనం దాన్ని 'ద హౌస్' అనేవాళ్లు. రైతు అప్పు తెచ్చుకునేది అక్కడే, పంట అమ్ముకునేది అక్కడే, ధర చెప్పేదీ వాళ్లే. షెరీఫ్ బ్రేడీ మర్ఫీకి సన్నిహితుడు. ఆ దుకాణం ఆస్తి సాంటా ఫేలో క్యాట్రన్‌కు తాకట్టులో ఉంది. ఊరి అంగడి నుంచి రాజధాని దాకా ఒకటే తీగ.

అందులోకి జాన్ టన్‌స్టల్ అనే ఇంగ్లండు యువకుడు పెట్టుబడి పట్టుకొని దిగాడు. అలెగ్జాండర్ మెక్‌స్వీన్ అనే లాయరుతో కలిసి పోటీ దుకాణం తెరిచాడు. ఈయన పేదల పాలిటి దేవుడేమీ కాదు. ఆ కౌంటీలో ఎవరు సంపాదించే ప్రతి డాలరులోనూ సగం తన చేతికి రావాలన్నది తన లక్ష్యమని ఇంటికి రాసుకున్నవాడే. కనుక ఇది మంచికీ చెడుకూ మధ్య యుద్ధమని ఎవరన్నా చెబితే మనం నమ్మాల్సిన పనిలేదు. రెండు దుకాణాల మధ్య కొట్లాట. తేడా ఒక్కటే. ఒక దుకాణానికి సర్కారు అండ ఉంది, ఇంకో దుకాణానికి లేదు.

పదివేల డాలర్ల ఇన్సూరెన్సు డబ్బు గొడవలో మెక్‌స్వీన్ మీద కేసు పెట్టారు. జడ్జి బ్రిస్టల్ ఎనిమిది వేల డాలర్ల జామీను అడిగాడు. తెచ్చిన జామీనుదారులను జిల్లా ప్రాసిక్యూటర్ విలియం రైనర్సన్ ఒప్పుకోలేదు. మెక్‌స్వీన్ ఆస్తుల జప్తు పేరు చెప్పి షెరీఫ్ మనుషులు టన్‌స్టల్ సరుకు మీద, పశువుల మీద పడ్డారు. 1878 ఫిబ్రవరి 18న దారిలో టన్‌స్టల్‌ను కాల్చి చంపారు. టన్‌స్టల్ దగ్గర జీతానికి పనిచేసే కుర్రాళ్లలో ఒకడు కిడ్.

ఇక్కడొక మాట గుర్తుపెట్టుకోవాలి. టన్‌స్టల్ మనుషులు మొదట చట్టం దారిలోనే పోయారు. లింకన్ ఊరి మేజిస్ట్రేటు జాన్ విల్సన్ దగ్గర వారెంట్లు తీసుకున్నారు. చట్టం అప్పగించిన అధికారంతోనే హంతకులను పట్టుకోవడానికి బయలుదేరారు. కిడ్ అప్పుడు దొంగ కాదు, వారెంటు అమలు చేసే దళంలో ఒక మనిషి. అయితే 1878 మార్చి 9న గవర్నర్ శామ్యూల్ ఆక్స్‌టెల్ ఒక ప్రకటన మీద సంతకం పెట్టాడు. విల్సన్ నియామకమే చెల్లదన్నాడు. నియామకం చెల్లనప్పుడు ఆయన ఇచ్చిన వారెంట్లూ చెల్లవు. ఒక్క సంతకంతో నిన్నటి చట్టం మనుషులు ఇవాళ చట్టం లేనివాళ్లయ్యారు.

'అవుట్‌లా' అనే ఇంగ్లీషు మాటకు అర్థమే అది. చట్టం బయట ఉన్నవాడు. కానీ వాడు తనంతట తానే బయటికి పోయాడా, గవర్నరు సంతకం వాడిని బయటికి నెట్టిందా అన్నది ఏ సినిమా కూడా అడగదు.

ఆ తర్వాత టన్‌స్టల్ వర్గం చేసిన పనులను మనం కడిగి తెల్లగా చేయబోము. పట్టుకున్న ఇద్దరిని దారిలోనే చంపేశారు. 1878 ఏప్రిల్ 1న లింకన్ వీధిలో నడిచిపోతున్న బ్రేడీని గోడ వెనుక దాక్కొని కాల్చారు. ఆయనతోపాటు డిప్యూటీ జార్జ్ హిండ్‌మన్ కూడా చనిపోయాడు. ఆ గోడ వెనుక కిడ్ ఒక్కడే లేడు. అయిదారుగురు ఉన్నారు. ఎవరి తూటా బ్రేడీని చంపిందో ఎవరూ చెప్పలేరు. మూడు రోజుల తర్వాత బ్లేజర్ మిల్లు దగ్గర బక్‌షాట్ రాబర్ట్స్ అనే మనిషి చనిపోయాడు.

జూలైలో అయిదు రోజుల యుద్ధం జరిగింది. స్టాంటన్ కోట నుంచి కల్నల్ నేథన్ డడ్లీ సైనికులను, ఫిరంగిని, గ్యాట్లింగ్ తుపాకిని వెంటబెట్టుకొని ఊర్లోకి దిగాడు. ఆడవాళ్లను, పిల్లలను కాపాడటానికి వచ్చానన్నాడు. ఆయన కళ్లముందే మెక్‌స్వీన్ ఇల్లు తగలబడింది, మెక్‌స్వీన్ చచ్చాడు. పౌరుల గొడవల్లో సైన్యాన్ని వాడకూడదని అమెరికా పార్లమెంటు చట్టం చేసి అప్పటికి సరిగ్గా నెల.

మాట ఇచ్చిందీ గవర్నరే, మరిచిందీ గవర్నరే

గొడవ వాషింగ్టన్ దాకా పోయింది. ఫ్రాంక్ ఏంజెల్ అనే అధికారిని విచారణకు పంపారు. ఆయన నివేదిక తర్వాత ఆక్స్‌టెల్ పదవి ఊడింది. క్యాట్రన్ ప్రభుత్వ లాయరు పదవికి రాజీనామా చేశాడు. కొత్త గవర్నరుగా వాలెస్ వచ్చాడు. 1880లో అచ్చయి ప్రపంచమంతా చదివిన 'బెన్ హర్' నవల రాసింది ఈయనే.

వాలెస్ 1878 నవంబరులో అందరికీ క్షమాభిక్ష ప్రకటించాడు. ఒక్క మెలిక పెట్టాడు. అప్పటికే కోర్టులో అభియోగం నమోదైనవాళ్లకు ఇది వర్తించదు. కిడ్ మీద బ్రేడీ హత్య అభియోగం అప్పటికే నమోదై ఉంది. కల్నల్ డడ్లీకి ఆ ఇబ్బంది లేదు, ఆయన క్షమాభిక్ష కిందికి వచ్చాడు.

1879 ఫిబ్రవరి 18న, టన్‌స్టల్ చనిపోయిన సరిగ్గా ఏడాదికి, మెక్‌స్వీన్ భార్య తరఫున కేసులు వేస్తున్న హస్టన్ చాప్‌మన్ అనే లాయరును లింకన్ వీధిలో చంపారు. ఆ చోట డోలన్ ఉన్నాడు. కళ్లారా చూసిన సాక్షి కిడ్. సాక్ష్యం చెబుతానని, బదులుగా తన మీద కేసులు ఎత్తేయాలని కిడ్ గవర్నరుకు ఉత్తరం రాశాడు. మార్చి 17 రాత్రి మేజిస్ట్రేటు విల్సన్ ఇంట్లో ఇద్దరూ కలుసుకున్నారు. సాక్ష్యం చెప్పు, క్షమాభిక్ష ఇస్తానని వాలెస్ మాట ఇచ్చాడు.

కిడ్ తన మాట నిలబెట్టుకున్నాడు. అనుకున్న ప్రకారం అరెస్టయ్యాడు. గ్రాండ్ జ్యూరీ ముందు సాక్ష్యం చెప్పాడు. డోలన్ మీద అభియోగం నమోదైంది. కల్నల్ డడ్లీ మీద సైనిక విచారణలోనూ కిడ్ సాక్ష్యం చెప్పాడు. ఆ రోజుల్లో లింకన్‌లో డోలన్‌కు వ్యతిరేకంగా నోరు తెరవడమంటే చావును ఇంటికి పిలుచుకోవడమే. పెద్ద పెద్దవాళ్లు నోరు కుట్టుకున్న చోట ఒక పోరగాడు నోరు విప్పాడు.

ఫలితం ఏమిటి? డోలన్ కేసు వీగిపోయింది. డడ్లీ తప్పేమీ లేదని సైనిక విచారణ తేల్చింది. కిడ్ కేసును మాత్రం ఎత్తేయడానికి ప్రాసిక్యూటర్ రైనర్సన్ ఒప్పుకోలేదు. పైగా విచారణను లింకన్ నుంచి మెసిల్లాకు మార్పించాడు. మెసిల్లా రింగ్ మనుషులకు పట్టున్న చోటు, కిడ్‌ను ఎరిగినవాళ్లు లేని చోటు. ఈ రైనర్సన్ ఎవరనుకున్నారు? 1867లో సాంటా ఫే హోటల్లో టెరిటరీ ప్రధాన న్యాయమూర్తి జాన్ స్లౌను తుపాకీతో కాల్చి చంపి, ఆత్మరక్షణ అని చెప్పి నిర్దోషిగా బయటపడిన మనిషి! న్యాయమూర్తిని చంపినవాడు ప్రాసిక్యూటర్ కావొచ్చు. వాడి కంటికి కిడ్ మాత్రం క్షమించరాని నేరస్తుడు.

గవర్నరు మాట చెల్లదని అర్థమయ్యాక, 1879 జూన్‌లో కిడ్ లింకన్ వదిలి వెళ్లిపోయాడు. పశువుల దొంగతనం అతని బతుకుతెరువు అయింది. 1880 డిసెంబరులో షెరీఫ్ ప్యాట్ గ్యారెట్ అతన్ని పట్టుకున్నాడు. గవర్నర్ నివాసం ఉన్న సాంటా ఫే ఊరి జైలు నుంచే కిడ్ 1881 జనవరి, మార్చి నెలల మధ్య వాలెస్‌కు నాలుగు ఉత్తరాలు రాశాడు. ఇచ్చిన మాట గుర్తుచేశాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు.

మెసిల్లా కోర్టులో రెండు రోజులు

మెసిల్లాలో మొదట రాబర్ట్స్ హత్య కేసు విచారణకు వచ్చింది. రిజర్వేషన్ భూమి మీద జరిగింది కనుక కేంద్ర ప్రభుత్వ కేసు అన్నారు. లాయరు ఐరా లెనర్డ్ లేచి, బ్లేజర్ మిల్లు ప్రైవేటు ఆస్తి కనుక కేంద్రానికి అధికార పరిధే లేదని వాదించాడు. కేసు కొట్టేశారు. చట్టాన్ని సరిగ్గా చదివే లాయరు పక్కన ఉంటే ఏమవుతుందో అందరూ చూశారు. ఆ తర్వాత లెనర్డ్ కేసు నుంచి తప్పుకున్నాడు.

బ్రేడీ కేసులో కోర్టే ఇద్దరు లాయర్లను నియమించింది. వాళ్లలో ఆల్బర్ట్ ఫౌంటెన్ పేరున్నవాడు, చేవ ఉన్నవాడు. కానీ చేతిలో సమయం లేదు. కిడ్ తరఫున సాక్షులను దూరపు లింకన్ నుంచి తెప్పించుకునే డబ్బూ లేదు. ప్రభుత్వం తరఫు సాక్షుల్లో జాకబ్ మాథ్యూస్ ఉన్నాడు. టన్‌స్టల్ పశువుల జప్తుకు పోయిన షెరీఫ్ దళానికి నాయకుడు ఈయనే. ఆ దళం చేతిలోనే టన్‌స్టల్ చచ్చాడు. బ్రేడీ చనిపోయిన రోజు కిడ్‌తో ఎదురుకాల్పులు జరిపిందీ ఈయనే. సాక్షి బోనులో నిలబడ్డ మనిషి నిజానికి యుద్ధంలో ఎదుటి పక్షం.

ఏప్రిల్ 8న విచారణ మొదలైంది, 9న తీర్పు వచ్చింది. ఎవరు ఏం సాక్ష్యం చెప్పారో పూర్తి రికార్డు మిగల్లేదు. జ్యూరీకి జడ్జి ఇచ్చిన సూచనలు మిగిలాయి. అవి చదివితే చాలు.

జ్యూరీ మొత్తం స్పానిష్ మాట్లాడే స్థానికులు. జడ్జి మాట్లాడేది ఇంగ్లీషు. మధ్యన దుబాసీ. ఒక మనిషి ప్రాణం ఒక భాష నుంచి ఇంకో భాషలోకి దాటుతోంది. ఇంగ్లీషులో నడిచే కోర్టు బయట, తన కేసు ఏమైందో లాయరును అడిగి తెలుసుకునే మన కక్షిదారుడికి ఆ సంగతి కొత్తగా చెప్పాలా?

బ్రిస్టల్ చెప్పిందేమిటి? బ్రేడీని చంపిన తూటా కిడ్ పేల్చాడని రుజువు కానక్కర్లేదు. అక్కడ ఉండి, కాల్చినవాళ్లకు సాయపడినా, ఊతమిచ్చినా, కాల్చినవాడితో సమానమే. ముందస్తు ఆలోచనతో చంపడమంటే రోజుల తరబడి పన్నాగం పన్నాల్సిన అవసరం లేదు, ఒక్క క్షణం చాలు. జ్యూరీ ముందు పెట్టినవి రెండే దారులు. మొదటి తరగతి హత్య, లేదంటే విడుదల. మొదటి తరగతి హత్యకు శిక్ష ఉరి. నడుమ ఇంకో మెట్టు లేదు.

ఆ సూత్రం తప్పని మేం అనడం లేదు. గుంపుగా పోయి చంపితే గుంపులో ఉన్నవాడికీ బాధ్యత ఉంటుందని మన చట్టాలూ చెబుతాయి. మా ప్రశ్న వేరు. సాయపడినా, ఊతమిచ్చినా సమాన నేరస్తుడే అనే సూత్రం నిజమైతే, టన్‌స్టల్‌ను చంపిన దళానికి ఊతమిచ్చినవాళ్లు ఎవరు? దళాన్ని పంపిన షెరీఫ్ ఎవరు? డోలన్ ఎవరు? టన్‌స్టల్ చావుకు నాలుగు రోజుల ముందు, మెక్‌స్వీన్ వర్గం పని పట్టమని డోలన్ వాళ్లకు ఉత్తరం రాసిన రైనర్సన్ ఎవరు? ఇల్లు తగలబడుతుంటే ఫిరంగితో కాపలా నిలబడ్డ కల్నల్ ఎవరు? బ్రిస్టల్ చెప్పిన న్యాయాన్ని బ్రిస్టల్ స్నేహితులకు వర్తింపజేస్తే మెసిల్లాలో ఉరితాళ్లు సరిపోయేవి కావు.

ఉరిశిక్ష పడ్డ రెండు రోజులకు, ఏప్రిల్ 15న, కిడ్ సాంటా ఫేలో ఎడ్గర్ కేప్లెస్ అనే లాయరుకు ఉత్తరం రాశాడు. డబ్బు సమకూరితే ఫౌంటెన్ కేసును ముందుకు తీసుకుపోతానన్నాడని, తన దగ్గర ఆశపెట్టుకోవడానికి మిగిలింది ఒక్క గుర్రమేనని. అతన్ని పట్టుకున్నప్పుడు ఆ గుర్రాన్ని వేరేవాళ్లు తీసుకుపోయారు. దాన్ని తిరిగి రాబట్టే దావా తేలితే, అమ్మి అప్పీలుకు పోదామని ఆశ. ఎదుటి పక్షానికి లక్షల ఎకరాలు, బ్యాంకులు, జడ్జీలు. ఇటు పక్షానికి ఒక గుర్రం. అదీ చేతిలో లేదు. ఈ రెండింటిని ఒకే తక్కెడలో పెట్టి చట్టం ముందు అందరూ సమానమే అన్నారు.

మిగతావాళ్లు ఏమయ్యారు?

బ్రేడీ హత్య కేసులో కిడ్‌తోపాటు అభియోగం మోసినవాడు హెండ్రీ బ్రౌన్. తర్వాత క్యాన్సస్‌లోని కాల్డ్‌వెల్ అనే ఊరికి పోలీసు అధికారి అయ్యాడు. 1884లో బ్యాంకు దోచుకోబోయి జనం చేతిలో చచ్చాడు గానీ లింకన్ కేసులో అతన్ని ఏ కోర్టూ అడగలేదు. ఆ వర్గంలోనే ఉన్న ఫ్రెడ్ వెయిట్ తన చికసా గిరిజన ప్రభుత్వంలో శాసనసభ్యుడై, అటార్నీ జనరల్ దాకా ఎదిగాడు. కిడ్‌కు దక్కని రెండో బతుకు అతనికి దక్కింది. చిన్న వయసులో తుపాకి పట్టినవాడికి దారి దొరికితే మనిషి అవుతాడనడానికి ఇంతకన్నా రుజువు ఎందుకు?

ఎదుటి పక్షం సంగతి మరీ ముచ్చట. డోలన్ ఎవరితో పోటీ పడి యుద్ధం చేశాడో ఆ టన్‌స్టల్ ఆస్తే చివరికి అతని చేతికి వచ్చింది. కౌంటీ కోశాధికారి అయ్యాడు, టెరిటరీ ఎగువసభలో కూర్చున్నాడు. 'ద హౌస్' దుకాణం భవనాన్ని కౌంటీ కొని కోర్టుగా మార్చింది. ఉరి కోసం కిడ్‌ను మెసిల్లా నుంచి లింకన్ తెచ్చి బంధించింది ఆ భవనంలోనే. దుకాణమే సర్కారు అని మేం మాటవరసకు అనలేదు!

1881 ఏప్రిల్ 28న కిడ్ ఆ భవనం నుంచి తప్పించుకున్నాడు. కాపలా ఉన్న జేమ్స్ బెల్, రాబర్ట్ ఓలింగర్‌లను చంపి పోయాడు. ఆ సంగతి తెలియని వాలెస్ రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 30న, ఉరి ఉత్తర్వు మీద సంతకం చేశాడు. క్షమాభిక్ష కాగితం మీద రెండేళ్లయినా కదలని చెయ్యి దీని మీద కదిలింది. జూలై 14 రాత్రి ఫోర్ట్ సమ్నర్‌లో చీకటి గదిలో గ్యారెట్ కిడ్‌ను కాల్చి చంపాడు.

అయితే అతను హంతకుడు కాడా?

ఈ ప్రశ్న వస్తుందని మాకు తెలుసు. హంతకుడే. గోడ వెనుక నుంచి కాల్చి చంపడం వీరత్వం కాదు. బ్రేడీకి భార్య ఉంది, పిల్లలున్నారు. జీతం కోసం కాపలా కాసిన బెల్ ఎవరికి ద్రోహం చేశాడు? దొంగను దేవుణ్ని చేసి పటం కట్టుకునే పని మాది కాదు. ఆ పనికి సినిమావాళ్లు ఉండనే ఉన్నారు.

కానీ ఒక్కడి నేరం రుజువు కావడం వేరు, న్యాయం జరగడం వేరు. పదిమంది చేసిన పనికి పదిమందినీ నిలబెట్టి శిక్షిస్తే అది చట్టం. పదిమందిలో అండ లేనివాణ్ని ఏరి ఉరితీసి, మిగతా తొమ్మిదిమందికి పదవులు పంచితే అది చట్టం వేషం వేసుకున్న పగ. పైగా ఆ ఒక్కడి ఉరి మిగతావాళ్లందరి పాపాన్నీ కడిగేస్తుంది. పత్రికల్లో ఒక భయంకరమైన దొంగ బొమ్మ కనిపిస్తుంటే, భూములు మింగినవాళ్ల గురించి ఎవడు అడుగుతాడు? కిడ్ ఎంత పెద్ద రాక్షసుడైతే రింగ్ అంత చిన్నగా కనిపిస్తుంది.

నూట ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత కూడా వాలెస్ మాట గురించి చర్చ నడిచింది. ఆ మాట ప్రకారం బ్రేడీ కేసులో ఇప్పుడైనా క్షమాభిక్ష ఇవ్వాలని వచ్చిన అర్జీని 2010 డిసెంబరు 31న, తన పదవి చివరి రోజున, గవర్నర్ బిల్ రిచర్డ్‌సన్ తిరస్కరించాడు. క్షమాభిక్ష ఇచ్చినా సమాధిలో ఉన్నవాడికి ఒరిగేదేమీ లేదు. కానీ సర్కారు ఇచ్చిన మాటకు విలువ ఉందా లేదా అన్నది బతికున్నవాళ్ల ప్రశ్న. మాట నమ్మి సాక్ష్యం చెప్పినవాణ్ని సర్కారే వదిలేస్తే, రేపు ఇంకో హత్య జరిగినప్పుడు ఎవడు ముందుకొస్తాడు?

రాష్ట్రం వచ్చింది.. గద్దె ఎవరిది?

న్యూమెక్సికో రాష్ట్రం కావడానికి అరవై రెండేళ్లు పట్టింది. జనానికి ఇంగ్లీషు రాదన్నారు, స్వపరిపాలనకు పనికిరారన్నారు. 1902లో సెనేటర్ ఆల్బర్ట్ బెవరిడ్జ్ కమిటీ అట్లాంటి మాటలతోనే అడ్డం తిరిగింది. చివరికి 1912 జనవరి 6న నలభై ఏడో రాష్ట్రంగా అవతరించింది. ఆ రాష్ట్ర రాజ్యాంగంలో ఒక మంచి మాట రాసుకున్నారు. ఇంగ్లీషు గానీ స్పానిష్ గానీ చదవడం, రాయడం, మాట్లాడటం రాలేదన్న కారణంతో ఎవరికీ ఓటు హక్కును, పదవిని, జ్యూరీలో కూర్చునే హక్కును నిరాకరించరాదు. మెసిల్లా జ్యూరీలో దుబాసీ మాట వింటూ కూర్చున్న ఆ పన్నెండు మందిలాంటి వాళ్లకు దక్కిన హక్కు అది. రాష్ట్రం వస్తే ఏమొస్తుందని అడిగేవాళ్లకు అదొక జవాబు.

ఇంకో జవాబూ ఉంది. కొత్త రాష్ట్రం నుంచి వాషింగ్టన్‌కు పోయిన మొదటి ఇద్దరు సెనేటర్లు ఎవరు? ఒకరు థామస్ క్యాట్రన్. అవును, సాంటా ఫే రింగ్ పెద్ద తలకాయ! ఇంకొకరు ఆల్బర్ట్ ఫాల్. కిడ్ తరఫున వాదించిన ఫౌంటెన్ 1896లో ఎనిమిదేళ్ల కొడుకుతో సహా ఎడారి దారిలో మాయమయ్యాడు. శవాలు కూడా దొరకలేదు. ఆ కేసులో ముద్దాయిల తరఫున నిలబడి 1899లో వాళ్లను విడిపించిన లాయరు ఈ ఫాలే. తర్వాత కేంద్ర మంత్రి అయి, ప్రభుత్వ చమురు భూముల వ్యవహారంలో లంచం తిన్నాడని రుజువై 1931లో జైలుకు పోయాడు.

ఎవరి పెత్తనం పోవాలని జనం రాష్ట్రం కోరుకున్నారో, రాష్ట్రం వచ్చిన రోజు ఆ పెత్తందారే మొదటి కుర్చీలో కూర్చున్నాడు. ఏండ్ల తరబడి కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్న మనకు ఈ సంగతి అమెరికా కథలాగా వినిపించకూడదు. సరిహద్దు గీత మారితే సరిపోదు. కోర్టు మెట్ల మీద, పోలీసు స్టేషన్ గడప మీద, రిజిస్ట్రేషన్ ఆఫీసు బల్ల మీద ఎవరి మాట చెల్లుతుందో అది మారాలి.

లా చదివే విద్యార్థులకు, ఆఫీసుల్లో ఫైళ్లు కదిలించే ఉద్యోగులకు మేం చెప్పేది ఇదే. ఒక కేసులో ఒక్కడే దొంగగా కనిపించినప్పుడు ఆ ఒక్కడి ముఖం చూసి ఆగిపోకండి. ఆ ఫైల్లో ఎవరెవరి పేర్లు మొదటి పేజీలో ఉండి చివరి పేజీకి మాయమయ్యాయో చూడండి. ఎవరి మీద కేసు ఎత్తేశారు, ఎవరి విచారణ వేరే ఊరికి మార్చారు, ఎవరికి అప్పీలుకు డబ్బు లేదు, ఎవరికి ఇచ్చిన మాట గంగలో కలిసింది? వీటిని అడగడం దొంగల పక్షం వహించడం కాదు. అడగకపోవడమే అసలు దొంగల పక్షం వహించడం.

మెసిల్లా కోర్టు ఒక హంతకుణ్ని శిక్షించింది, ఒక యుద్ధాన్ని వదిలేసింది. యుద్ధం చేసినవాళ్లు ఆ తర్వాత చట్టాలు రాశారు.